మరిదికి 24 గంటల నొప్పి: కీహోల్ ఆపరేషనా, కోత ఆపరేషనా? బెంగళూరులో ఉన్నవాళ్లు చెప్పండి

హొరమావు వదిన | శుక్రవారం రాత్రి 8:50

అందరికీ నమస్కారం. ఆసుపత్రి కారిడార్‌లో కూర్చుని తొందరగా రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి.

మా మరిదికి 24 ఏళ్లు, బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటాడు. నిన్న రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి వస్తే గ్యాస్ అనుకుని మాత్ర వేసుకుని పడుకున్నాడు. తెల్లారేసరికి రెండు వాంతులు. మధ్యాహ్నానికి నొప్పి కుడివైపు కిందికి దిగింది. నిటారుగా నిలబడలేక పొట్ట పట్టుకుని వంగి నడుస్తుంటే ఆటోలో ఎక్కించుకుని వచ్చేశాం. రక్తపరీక్షలో తెల్లకణాలు 15 వేలు ఉన్నాయి. స్కానింగ్‌లో అపెండిక్స్ వాచింది, పగిలినట్టు లేదు అన్నారు. సెలైన్, యాంటీబయాటిక్ ఎక్కిస్తున్నారు. రేపు పొద్దున ల్యాప్రోస్కోపీ, అంటే కీహోల్ ఆపరేషన్ చేస్తామన్నారు.

కదిరి నుంచి మా మామయ్య ఫోన్‌లో వద్దంటే వద్దంటున్నారు. "కోత పెట్టి శుభ్రంగా తీయాలమ్మా. మూడు బొక్కల్లోంచి లోపల ఏం కనపడుతుంది? సగం తీసి సగం వదిలేస్తే ఎవరిది పూచీ?" అంటున్నారు. ఆయన తమ్ముడికి చిన్నప్పుడు ఇదే నొప్పి వచ్చి, ఆలస్యమై ప్రాణం మీదికొచ్చిందట. అందుకే ఆయన మాట తీసిపారేయలేకపోతున్నాం. మా ఆయన ఇంకో ఆసుపత్రికి ఫోన్ చేస్తే అక్కడ కోత ఆపరేషన్ 30 వేలు తక్కువకే అయిపోతుందన్నారు. సంతకం పెట్టాల్సింది మేమే. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.

కేఆర్ పురం కోడర్ | రాత్రి 9:05

అక్కా, నాకు రెండేళ్ల కింద కీహోల్‌లోనే చేశారు. బొడ్డు దగ్గర ఒకటి, కింద రెండు, మొత్తం మూడు రంధ్రాలు. సోమవారం రాత్రి ఆపరేషన్, బుధవారం సాయంత్రం ఇంటికి. పదో రోజున ఇంట్లో నుంచే పని మొదలుపెట్టాను. ఇప్పుడు చూస్తే బొడ్డు దగ్గర మచ్చ కనపడదు, మిగతా రెండూ చిక్కుడు గింజంత ఉంటాయి.

ఒక్క సంగతి మాత్రం నాకెవరూ ముందు చెప్పలేదు. రెండో రోజు కుడి భుజం పైన విపరీతమైన నొప్పి. ఆపరేషన్ పొట్టలో అయితే భుజం ఎందుకు నొస్తుందో తెలియక చాలా భయపడ్డాను. పొట్ట ఉబ్బడానికి పంపిన గ్యాస్ వల్ల అన్నారు. మూడో రోజుకి తగ్గిపోయింది. మీ మరిదికి ముందే చెప్పి ఉంచండి.

హిందూపురం వాడు | రాత్రి 9:20

నాది 1996లో, కోత ఆపరేషన్. అప్పట్లో మా వైపు ఇంకో దారి లేదు. వెన్నుకి ఇంజెక్షన్ ఇచ్చారు, నడుము కింద మొద్దుబారింది, మెలకువలోనే ఉన్నాను. లోపల ఏదో లాగుతున్నట్టు తెలుస్తుంది కానీ నొప్పి లేదు. ఏడు రోజులు ఆసుపత్రిలో ఉన్నా. దగ్గు వస్తే ప్రాణం పోయినంత పనయ్యేది. నెలన్నర పొలం వైపు వెళ్లనివ్వలేదు.

కానీ అమ్మా, అది అయి దాదాపు ముప్పై ఏళ్లు. ఒక్క రోజు ఇబ్బంది పెట్టలేదు. కోత ఆపరేషన్ అంటే పాతకాలపు నాటు పద్ధతి అన్నట్టు మాట్లాడితే నేను ఒప్పుకోను. మీ మామగారు తెలియక మాట్లాడటం లేదు. ఆయన కళ్లతో చూసింది అదే.

నైట్ డ్యూటీ నర్స్ | రాత్రి 9:40

సర్జరీ వార్డులో తొమ్మిదేళ్లుగా చేస్తున్నాను. రెండు రకాల పేషెంట్లనీ పక్కపక్క మంచాల మీద చూస్తాను కాబట్టి నాకు కనిపించింది చెప్తాను.

ఆపరేషన్ మరుసటి పొద్దున మేం మంచం దింపి నడిపిస్తాం. కీహోల్ అయినవాళ్లు మంచం అంచున కూర్చుని, కాసేపు తల తిరుగుతోందని ఆగి, తర్వాత బాత్రూమ్ దాకా వెళ్లొస్తారు. కోత అయినవాళ్లకి దిండు ఇస్తాం. కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని పక్కకి ఒత్తిగిలి, మోచేతి మీద లేవమంటాం. దగ్గినా తుమ్మినా ఆ దిండు ఉండాలి. వాళ్లూ నడుస్తారు, మనవాళ్లు అనుకునేంత ఆలస్యమేమీ కాదు, ఒక రోజు తేడా. మేం పొద్దున్నే అడిగే మొదటి ప్రశ్న ఇద్దరికీ ఒకటే, గాలి పోయిందా అని. పేగులు కదిలాయని దాంతోనే తెలుస్తుంది. అది అడిగితే పిల్లలు సిగ్గుపడతారు. సిగ్గుపడకుండా చెప్పమనండి.

గాయం దగ్గర చీము పట్టడం కోతలోనే ఎక్కువ చూస్తాను, ముఖ్యంగా లావుగా ఉన్నవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో.

హొరమావు వదిన | రాత్రి 9:48

థాంక్స్ అక్కా. మరి 30 వేలు తేడా ఎందుకు? రాత్రికి రాత్రే అక్కడికి మార్చడం మంచిదా?

జనరల్ సర్జన్, హెబ్బాళ | రాత్రి 10:25

నమస్తే అమ్మా. మాది గుంటూరు, 14 ఏళ్లుగా బెంగళూరులో ప్రాక్టీస్. పేషెంటును చూడకుండా ఏది చేయించుకోవాలో నేను చెప్పకూడదు, అది మీ సర్జన్ చెప్పాలి. కానీ మీ మామగారు అడిగినవి మంచి ప్రశ్నలు, వాటికి జవాబు ఇస్తాను. వీలైతే ఆయనకు చదివి వినిపించండి.

"బొక్కల్లోంచి ఏం కనపడుతుంది?" నిజానికి కోతలో కంటే ఎక్కువ కనపడుతుంది. అపెండిక్స్ కోసం పెట్టే కోత సుమారు రెండు అంగుళాలు. న్యూయార్క్ సర్జన్ మెక్‌బర్నీ 1894లో చెప్పిన పద్ధతి అది, కండరాన్ని కోయకుండా దాని పోగుల మధ్య నుంచి విడదీసుకుంటూ వెళ్తాం. చక్కటి పద్ధతే, కానీ ఆ సందులోంచి నాకు కనపడేది పెద్దపేగు మొదటి భాగం, దాని చుట్టుపక్కల కాస్త చోటు. కీహోల్‌లో బొడ్డు దగ్గర కెమెరా పెడితే కాలేయం నుంచి కటి భాగం దాకా అంతా తెర మీద పెద్దగా కనిపిస్తుంది. అపెండిక్స్ ఎర్రగా ఉబ్బి, పైన తెల్లటి చీము పొర విరిగిన పాల తరకల్లా అంటుకుని ఉంటుంది. అది ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చూసుకుంటూ వెళ్తాం. ఆడపిల్లల్లో ఇది ఇంకా ఉపయోగం, ఎందుకంటే అండాశయంలో నీటితిత్తి మెలిపడినా నొప్పి ఇదే చోట వస్తుంది. కెమెరాతో రెండూ చూడొచ్చు.

"సగం వదిలేస్తే?" మొదలు సరిగ్గా చూసుకోకపోతే ఏ పద్ధతిలోనైనా ముక్క మిగలొచ్చు, అరుదు. పెద్దపేగు మీదుండే మూడు కండరపు పట్టీలు ఎక్కడ కలుస్తాయో అక్కడే అపెండిక్స్ మొదలవుతుంది. ఆ పట్టీ వెంట వెళ్తే మొదలు దొరుకుతుంది. కోతలోనూ అదే గుర్తు, కెమెరాలోనూ అదే గుర్తు.

ఇక కీహోల్ వైపు లోటు కూడా చెప్పాలి, లేకపోతే న్యాయం కాదు. రెండు పద్ధతుల్నీ పోల్చిన పరిశోధనలన్నిటినీ కలిపి కోక్రేన్ సంస్థ 2018లో సమీక్ష వేసింది. పెద్దవాళ్లలో కీహోల్ తర్వాత నొప్పి తక్కువ, గాయంలో చీము తక్కువ, ఆసుపత్రిలో సుమారు ఒక రోజు తక్కువ, మామూలు పనులకు తిరిగి వెళ్లడం తొందర. కానీ పొట్ట లోపల చీముగడ్డ ఏర్పడే అవకాశం కీహోల్‌లో కొంచెం ఎక్కువ. ఆపరేషన్ సమయం కూడా కాస్త ఎక్కువ. పగిలిన అపెండిక్స్ అయితే ఈ చీముగడ్డ సంగతి గట్టిగా మనసులో పెట్టుకోవాలి. ఇంటికొచ్చాక నాలుగో రోజు, ఆరో రోజు జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని ఊరుకోకూడదు, ఫోన్ చేయాలి.

మత్తు విషయం. కీహోల్‌కి పూర్తి మత్తు కావాలి, ఎందుకంటే కార్బన్ డయాక్సైడ్‌తో పొట్ట ఉబ్బించాలి. పైన తమ్ముడు చెప్పిన భుజం నొప్పి కూడా దానివల్లే. ఆ గ్యాస్ ఊపిరితిత్తుల కింది పొరను చికాకు పెడుతుంది, ఆ పొరకు వెళ్లే నరం మెడలోంచి వస్తుంది, మెదడు దాన్ని భుజం నొప్పిగా చదువుతుంది. కోత ఆపరేషన్‌ని వెన్ను ఇంజెక్షన్‌తో చేయొచ్చు. గుండె, ఊపిరితిత్తుల జబ్బు బాగా ఉన్న పెద్దవాళ్లకి కొన్నిసార్లు కోతనే ఎంచుకునేది ఇందుకే. 24 ఏళ్ల ఆరోగ్యవంతుడికి ఆ చిక్కు ఉండదు.

30 వేల తేడా పరికరాల్లో వస్తుంది. కెమెరా, గ్యాస్, రంధ్రాల్లో పెట్టే గొట్టాలు. అపెండిక్స్ మొదలును కట్టడానికి ముడి వేసి ఉన్న దారం ఉంటుంది, అదే స్టేప్లర్ వాడితే ఖర్చు బాగా పెరుగుతుంది. మొదలు బాగున్న చాలా కేసుల్లో దారం చాలు. స్టేప్లర్ తప్పనిసరా అని మీరు అడగొచ్చు, తప్పేం లేదు.

రాత్రికి మార్చడం గురించి: నేనైతే మార్చను. యాంటీబయాటిక్ మొదలైంది, వార్డులో కనిపెట్టి చూస్తున్నారు. మళ్లీ కొత్త చోట క్యాజువాలిటీ, మళ్లీ స్కానింగ్ అంటే విలువైన గంటలు పోతాయి. మన ఊళ్లలో దీన్ని 24 గంటల నొప్పి అనడం ఒకరకంగా మేలే చేసింది, జనం పరుగున వస్తారు. అయితే పగలని అపెండిక్స్ అయితే ఆసుపత్రిలో చేరాక అర్ధరాత్రే కోయాలని లేదు. 2023లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫిన్లాండ్, నార్వే పరిశోధనలో 8 గంటల్లోపు చేసినవాళ్లకీ 24 గంటల్లోపు చేసినవాళ్లకీ పగలడంలో తేడా కనపడలేదు. పొద్దున చేస్తామనడం నిర్లక్ష్యం కాదు. ప్రమాదమంతా ఇంట్లో మాత్రలు మింగుతూ గడిపే రెండు మూడు రోజుల్లోనే.

చిత్తూరు రైతుబిడ్డ | రాత్రి 10:50

డాక్టర్ గారు చెప్పినదానికి నాది జోడిస్తాను. నేను చేసింది అదే, మూడు రోజులు ఇంట్లో కూర్చున్నాను. పనుల రోజులు, కూలీలు దొరికిన సమయం. సోడా తాగాను, వాము నమిలాను. మూడో రోజు ఒక్కసారిగా నొప్పి తగ్గినట్టు అనిపించింది, హమ్మయ్య అనుకున్నా. సాయంత్రానికి పొట్ట చెక్కలా బిగుసుకుపోయి, 103 జ్వరం. అపెండిక్స్ పగిలినందుకే ఆ నొప్పి తగ్గిందని తర్వాత తెలిసింది.

బెంగళూరు తీసుకొచ్చారు. కీహోల్‌తో మొదలుపెట్టారు. లోపల పేగులన్నీ అతుక్కుపోయి ఉన్నాయని ముప్పావు గంట తర్వాత కోతకు మార్చారు. లేచేసరికి మూడు రంధ్రాలూ ఉన్నాయి, కోతా ఉంది, పక్కన గొట్టం వేలాడుతోంది. మా అన్న డాక్టర్ మీద అరిచాడు, చేతకాక మధ్యలో మార్చారని. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని అన్న ఇప్పటికీ బాధపడతాడు. పదకొండు రోజులు ఉన్నా. బతికాను.

జనరల్ సర్జన్, హెబ్బాళ | రాత్రి 11:02

మీరిది రాసినందుకు చాలా థాంక్స్. ఇది అందరూ చదవాలి. కోతకు మార్చడం ఓటమి కాదు. లోపల సరిగా కనపడనప్పుడు, రక్తం ఆగనప్పుడు మార్చని సర్జన్‌ని చూసి భయపడాలి. సంతకం పెట్టే కాగితంలో "అవసరమైతే కోత పద్ధతికి మార్చుటకు" అన్న వాక్యం ఉంటుంది. వదినగారూ, ఆ వాక్యం మీ మామగారికి కూడా ముందే చెప్పండి. పొద్దున థియేటర్ బయట మొదటిసారి వింటే గుండె జారిపోతుంది.

మందులతో తగ్గదా | రాత్రి 11:10

అసలు ఆపరేషనే లేకుండా యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుందని చదివాను. అది అడిగారా?

జనరల్ సర్జన్, హెబ్బాళ | రాత్రి 11:24

అడగదగ్గ ప్రశ్నే. అమెరికాలో 1552 మంది మీద చేసిన కోడా పరిశోధన 2020లో వచ్చింది. మందులు మాత్రమే తీసుకున్నవాళ్లలో పదిమందిలో ముగ్గురికి 90 రోజుల్లోపే ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అపెండిక్స్‌లో చిన్న రాయిలా గట్టిపడిన మలం ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువమందికి. ఫిన్లాండ్‌లో అయిదేళ్లు కనిపెట్టి చూస్తే సుమారు 39 శాతం మందికి నొప్పి తిరిగొచ్చింది. అంటే మిగతావాళ్లు కత్తి పడకుండా గడిపారు, అది చిన్న విషయం కాదు. కానీ దానికి సీటీ స్కాన్‌లో రాయి లేదని తేలాలి, నొప్పి తిరిగొస్తే వెంటనే ఆసుపత్రికి చేరే వీలుండాలి. పీజీలో ఒంటరిగా ఉండే కుర్రాడికి అది కష్టమే.

ఆలస్యంగా వచ్చి గడ్డ కట్టినవాళ్లకి మాత్రం మేమే ముందు మందులు ఇస్తాం. అప్పుడు లోపలికి వెళ్తే పేగులకు దెబ్బ తగలొచ్చు.

బన్నేరుఘట్ట రోడ్ అమ్మ | రాత్రి 11:40

నాకు అయిదో నెల గర్భంలో వచ్చింది. బిడ్డకి ఏమవుతుందో అని మా అమ్మ ఏడుస్తూనే ఉంది. సీటీ బదులు ఎమ్మారై తీశారు. కీహోల్‌లోనే చేశారు, కెమెరా రంధ్రం మామూలు కంటే పైన పెట్టి, నన్ను కొంచెం ఎడమవైపు వాల్చి. మా బాబుకి ఇప్పుడు మూడేళ్లు. గర్భిణులు ఎవరైనా చదివితే ధైర్యంగా ఉండండి, నొప్పిని మాత్రం దాచొద్దు.

పాలసీ కాగితాలు | శనివారం ఉదయం 6:15

నేను ఇన్సూరెన్స్ డెస్క్‌లో పనిచేస్తాను. మీ మరిదికి కంపెనీ పాలసీ ఉంటే హెచ్ఆర్‌కి ఇప్పుడే మెసేజ్ పెట్టండి. 2024లో బీమా కంపెనీల మీద అజమాయిషీ చేసే ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశం ప్రకారం క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జ్ రోజు చివరి బిల్లుకి మూడు గంటల్లోపు ఆమోదం ఇవ్వాలి. గది అద్దెకు పరిమితి ఉందో లేదో చూసుకోండి. పరిమితి దాటిన గది తీసుకుంటే చాలా పాలసీల్లో మిగతా బిల్లులో కూడా ఆ నిష్పత్తిలో కోత పడుతుంది. అక్కడే చాలామంది మునిగిపోతారు.

పాలసీ లేనివాళ్లకి, బెంగళూరు మెడికల్ కాలేజీకి చెందిన విక్టోరియా ఆసుపత్రి ఉంది, సిటీ మార్కెట్ దగ్గర. డబ్బు లేదని ఇంట్లో కూర్చోవద్దు.

హొరమావు వదిన | శనివారం మధ్యాహ్నం 1:30

అయిపోయింది. కీహోల్‌లోనే పూర్తయింది. గంటా పది నిమిషాలు పట్టింది. అపెండిక్స్ పెద్దపేగు వెనక దాక్కుని ఉందట, కొన అతుక్కుపోయిందట. ఇంకో రోజు ఆగితే పగిలేదే అన్నారు.

రాత్రి మీరు రాసినవన్నీ మామయ్యకి ఫోన్‌లో చదివి వినిపించాను. అంతా విని "సరే, నేనొస్తున్నా" అని తొలి బస్సు ఎక్కారు. ఆయన వచ్చేసరికి థియేటర్ ముందు ఎర్ర లైటు వెలుగుతోంది. ఒక్క మాట మాట్లాడలేదు, తువ్వాలు భుజాన వేసుకుని గోడకి ఆనుకుని నిలబడ్డారు. డాక్టర్ బయటికొచ్చి స్టీల్ ట్రేలో తీసిన ముక్క చూపించారు. చిటికెన వేలంత ఉంది, ముదురు ఎరుపు, ఒకవైపు నల్లబడింది. మామయ్య వంగి చూసి "మొదలు ఏది సార్?" అని అడిగారు. డాక్టర్ విసుక్కోకుండా ఫోర్సెప్స్‌తో తిప్పి, దారం కట్టిన చివర చూపించారు. ఆయన ఆ ముడినే చాలాసేపు చూశారు. తర్వాత వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. రాత్రి నుంచి మొదటిసారి కాఫీ తాగారు.

ఒక సందేహం. పప్పు పెడితే చీము పడుతుందని అత్తయ్య ఫోన్‌లో గట్టిగా చెప్తున్నారు. బీరకాయ, కారప్పొడి అన్నం తప్ప ఏదీ వద్దంటున్నారు, పదకొండు రోజులు.

నైట్ డ్యూటీ నర్స్ | మధ్యాహ్నం 2:10

చాలా సంతోషం వదినా! ఈ మాట వార్డులో రోజూ వింటాను. పప్పుకీ చీముకీ సంబంధం లేదు. గాయం మానాలంటే మాంసకృత్తులు కావాలి, పప్పు, గుడ్డు, పెరుగు అన్నీ పెట్టండి. మొదటి రెండు రోజులు పలచగా, తక్కువ తక్కువగా. అత్తయ్యగారి మనసు కష్టపెట్టకుండా పెసరపప్పు కట్టుతో మొదలుపెట్టండి, దానికి ఎవరూ అడ్డు చెప్పరు. రెండు వారాలు బరువులు ఎత్తనివ్వొద్దు. పీజీలో 20 లీటర్ల నీళ్ల క్యాన్ ఎత్తి పెట్టేది ఇలాంటి కుర్రాళ్లే, అది ముందు ఆపండి.

జనరల్ సర్జన్, హెబ్బాళ | మధ్యాహ్నం 3:00

మంచి కబురు. తీసిన ముక్క బయాప్సీకి వెళ్తుంది, ఆ రిపోర్టు మాత్రం మర్చిపోకుండా తెచ్చుకోండి. చాలామంది డిశ్చార్జ్ అయ్యాక దాని సంగతే వదిలేస్తారు. అరుదుగా అందులో చిన్న కణితి బయటపడుతుంది.

హొరమావు వదిన | తర్వాతి ఆదివారం

బయాప్సీ రిపోర్టు వచ్చింది. వాపు తప్ప ఇంకేమీ లేదు. జ్వరం రాలేదు, రంధ్రాలు పొడిగా ఉన్నాయి. మా ఇంట్లోనే ఉంటున్నాడు, నీళ్ల క్యాన్ మామయ్యే ఎత్తుతున్నారు.

కేఆర్ పురం తమ్ముడూ, భుజం నొప్పి నువ్వు చెప్పినట్టే రెండో రోజు తెల్లవారుజామున వచ్చింది. పిల్లాడు నిద్రలోంచి లేచి భుజం పట్టుకుంటే మామయ్య చెప్పులు వేసుకోబోయారు, మళ్లీ ఆసుపత్రికి పోదామని. నీ మెసేజ్ తీసి చూపించాను. చెప్పులు విప్పి, వాడి పక్కనే కూర్చుని తెల్లారేదాకా భుజం రుద్దారు.

హిందూపురం వాడు | ఆదివారం రాత్రి

మీ మామగారికి నా నమస్కారం చెప్పండమ్మా.